పాత బొమ్మల్లో ఆడవాళ్ల దుస్తులు చదవడం – 3: చేతులు, ముడి, కనుబొమ్మలు

పోయిన పాఠంలో రోమ్ చూశాం. పాదాల దాకా దిగే స్టోలా కనిపిస్తే ఆమె పెళ్లయిన పౌరురాలని గుర్తుపట్టాం. అక్కడ ఒక్క గుర్తుతో పని జరిగిపోయింది. ఈసారి అలా కుదరదు.

1603 నుంచి 1868 దాకా సాగిన ఎదో కాలపు జపాన్‌కి వెళ్దాం. ఉకియో-ఎ అనే చెక్క అచ్చు బొమ్మలు మ్యూజియంల వెబ్‌సైట్లలో బోలెడు ఉంటాయి. ఆడమనిషి నిలువెల్లా కనిపించే బొమ్మ ఒకటి పెద్దది చేసి పెట్టుకోండి.

ముఖం జోలికి ఇప్పుడే పోవద్దు. కిమోనో చేతులు చూడండి. అవి బారుగా కిందికి వేలాడుతుంటే ఫురిసోదె, పెళ్లికాని అమ్మాయిది. పెళ్లయ్యాక చేతులు పొట్టివవుతాయి, దాన్ని తొమెసోదె అంటారు. ఒక్క జాగ్రత్త: పొడుగు చేతులు పడుచు కుర్రాళ్లూ వేసుకునేవారు. నడినెత్తిన కొంచెం గొరిగి ఉంటే అది అబ్బాయి.

తర్వాత నడుముకు చుట్టిన ఒబి. దాని ముడి ముందుందా, వెనకుందా? ముందుంటే వేశ్య అని చాలామంది వెంటనే తేల్చేస్తారు. మొదట్లో నేనూ అలాగే చదివాను. అది తప్పు, అంతకు మించి అన్యాయం కూడా. వేశ్యావాటికల్లోని ఓయిరాన్‌లు, అంటే పై స్థాయి వేశ్యలు, ముందుకు ముడేసేవారన్న మాట నిజమే. కానీ ఆ కాలంలో ఇంటి ఇల్లాళ్లలో కూడా ముందు ముడేసుకున్నవాళ్లు ఉన్నారు. ముడి ఒక్కటే చూసి ఒక మనిషి బతుకును నిర్ణయించకూడదు.

అందుకే ఇప్పుడు ముఖానికి రండి. పెళ్లయిన స్త్రీలు పళ్లకు నల్లరంగు వేసుకునేవారు. అయితే ఓయిరాన్‌లూ వేసుకునేవారు కాబట్టి పళ్లతో తేలదు. అసలు చూడాల్సింది కనుబొమ్మలు. బిడ్డ పుట్టాక ఇల్లాలు కనుబొమ్మలు గొరిగేసుకునేది. ఓయిరాన్‌కి కనుబొమ్మలు ఉంటాయి, జుట్టు నిండా పెద్ద పెద్ద పిన్నులూ ఉంటాయి. ముడి ముందుకుండి, కనుబొమ్మలు లేకుండా, తలలో ఒకటో రెండో పిన్నులుంటే ఆమె ఎవరో ఒకరి తల్లి అయి ఉండొచ్చు. చేతులు, ముడి, కనుబొమ్మలు, జుట్టు: ఇదే వరసలో చూడడం అలవాటు చేసుకోండి. తొందరపడితే ముడి దగ్గరే ఆగిపోతాం.

అభ్యాసం: ఐదు బొమ్మలు తీసుకోండి. ఒక్కోదానికి ఈ నాలుగూ కాగితం మీద రాశాకే బొమ్మ కింద మ్యూజియం వాళ్లు ఇచ్చిన వివరం చదవండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడ గీత గీసి ఉంచండి. అన్నీ కలిసిరాకపోతే టెన్షన్ వద్దు, ఆ గీతలతోనే వచ్చే పాఠం మొదలుపెడదాం.

వచ్చేసారి బొమ్మలు పక్కన పెట్టి అసలు బట్టను చూస్తాం. పాత ఈజిప్టు బొమ్మల్లో ఆడవాళ్ల గౌను ఒంటికి అతికించినట్టు, అడుగు తీసి అడుగు వేయలేనంత బిగువుగా ఉంటుంది. 1913లో ఈజిప్టులోని తర్ఖాన్ అనే చోట ఒక మాసిన గుడ్డల మూట దొరికింది. 1977లో దాన్ని విప్పి శుభ్రం చేస్తుంటే అందులోంచి ఐదు వేల ఏళ్లకు పైబడిన నారబట్ట అంగీ ఒకటి బయటపడింది. చేతులకూ భుజాలకూ సన్నని మడతలు పెట్టి కుట్టారు. మోచేతుల దగ్గర, చంకల్లో, ఎవరో వేసుకుని తిరిగినప్పుడు పడ్డ ముడతలు ఇంకా అలాగే ఉన్నాయి.