వాల్వు యాంప్లిఫయరు మన చేత్తో – 7వ పాఠం: కేథోడు కరెంటును చూపే మీటరు

గత పాఠం ముగిసేసరికి నాలుగు ఈఎల్34 వాల్వులతో మన రెండు ఛానెళ్ల పుష్-పుల్ (ఒక్కో ఛానెల్‌లో రెండు వాల్వులు జతగా పనిచేసే) యాంప్లిఫయరు పాడటం మొదలుపెట్టింది. ప్రతి వాల్వు బయాసునూ (పాట లేనప్పుడు వాల్వులో ఎంత కరెంటు పారాలో నిర్ణయించే రుణ వోల్టేజీని) విడిగా మార్చే ప్రీసెట్లు (తిప్పి విలువ మార్చుకునే చిన్న రెసిస్టర్లు) కూడా అమరాయి. అయితే ఏ వాల్వులో ఎంత కరెంటు పారుతోందో తెలియాలంటే ఇప్పటికీ చాసిస్‌ను తిరగేసి, 430 వోల్టులున్న తీగల నడుమ మల్టీమీటరు మొనలు దూర్చవలసి వస్తోంది. ఈ పాఠంలో ఆ కొలతను ముందు ప్యానెల్ మీదికి తెచ్చుకుందాం.

వాల్వులో అధిక వోల్టేజీ అందే కొన యానోడు, కరెంటు గ్రౌండు వైపు వెళ్లే కొన కేథోడు. మీటరును యానోడు తీగ మధ్యలో పెడితే కరెంటు నేరుగా తెలుస్తుంది. కానీ అప్పుడు మీటరు మొత్తం 430 వోల్టుల మీద ఉంటుంది; చేతికి అందే ప్యానెల్ మీద అటువంటి వస్తువును నేను ఒప్పుకోను. అందుకని ప్రతి కేథోడుకూ గ్రౌండుకూ మధ్య 10 ఓములు, 1 వాటు, 1 శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టరును పెట్టి, దాని మీద పడే వోల్టేజీని కొలుద్దాం. 45 మిల్లీయాంపియర్లు పారితే 0.45 వోల్టు పడుతుంది. ఇక్కడ మీటరు కరెంటు దారిలో ఉండదు, దారి పక్కన నిలబడి చూస్తుందంతే. కాబట్టి నాలుగు వాల్వులకు నాలుగు మీటర్లు అక్కరలేదు. ఒక్క మీటరు, నాలుగు స్థానాల రోటరీ స్విచ్ చాలు. స్విచ్ తిప్పే క్షణంలో ఏ కేథోడూ తెగిపోదు.

మీటరు 1 మిల్లీయాంపియరుకు ముల్లు చివరిదాకా వెళ్లే మూవింగ్ కాయిల్ (అయస్కాంతం నడుమ తీగచుట్ట తిరిగే) రకానిదై ఉండాలి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ వంటి చోట పాతవి వెతికేటప్పుడు డయల్ కింది మూలలో గుర్రపునాడా ఆకారపు అయస్కాంతం గుర్తు ఉందో లేదో, గీతలన్నీ సమాన దూరంలో ఉన్నాయో లేదో చూడండి. సున్నా దగ్గర గీతలు ఇరుకిరుకుగా ఉంటే అది మన పనికి రాని మూవింగ్ ఐరన్ రకం కావచ్చు.

మీటరు లోపలి నిరోధాన్ని మల్టీమీటరుతో కొలవకండి, దాని కరెంటుకే ముల్లు చివరిదాకా కొట్టుకోవచ్చు. 9 వోల్టుల బ్యాటరీకి 8.2 కిలోఓముల రెసిస్టరు, 2 కిలోఓముల ప్రీసెట్, మీటరు వరుసగా కలిపి, ముల్లు సరిగ్గా చివరి గీత మీద నిలిచేలా ప్రీసెట్ తిప్పండి. తరువాత 500 ఓముల మరో ప్రీసెట్‌ను మీటరుకు సమాంతరంగా పెట్టి, ముల్లు సగానికి దిగేదాకా తిప్పి, దాన్ని విప్పి కొలవండి. వచ్చిన విలువే దాదాపుగా మీటరు నిరోధం. అది 100 ఓములైతే, 100 మిల్లీయాంపియర్ల పూర్తి స్కేలుకు మొత్తం 1000 ఓములు కావాలి కనుక 900 ఓములు వరుసలో చేర్చాలి. ఈ 1000 ఓములు ఆ 10 ఓముల పక్కన చేరడం వల్ల వచ్చే తేడా 1 శాతమే, పట్టించుకోనక్కరలేదు. మీటరు కొనల మధ్య రెండు 1ఎన్4007 డయోడ్లను ఎదురెదురు దిశల్లో కలపండి. మామూలుగా మీటరు మీద 0.1 వోల్టుకు మించి ఉండదు కనుక అవి కదలవు. వాల్వు షార్టయి 10 ఓముల రెసిస్టరు కాలిపోయిన రోజున మాత్రం కాయిల్‌ను కాపాడతాయి.

గ్రౌండు తీగ విషయంలో నేనొకసారి తప్పు చేశాను. మీటరు రుణ తీగను దగ్గరలో కనిపించిన చాసిస్ స్క్రూకు బిగించాను. నాలుగు వాల్వులూ దాదాపు 4 మిల్లీయాంపియర్లు ఎక్కువ చూపాయి. కేథోడు రెసిస్టర్లు కలిసే గ్రౌండు తీగకు పవర్ సప్లై దగ్గర సోల్డర్ సరిగా అంటలేదు, అక్కడి 0.2 ఓముల మీద నాలుగు వాల్వుల కరెంటూ పడి, 36 మిల్లీవోల్టుల అబద్ధం చెప్పింది. నేనేమో దాన్ని నమ్మి వాల్వుల కరెంటు తగ్గించాను. మీటరు రుణ తీగ ఆ నాలుగు రెసిస్టర్లు కలిసే చోటికే వెళ్లాలి.

ఇక సర్దుబాటు. పవర్ స్విచ్ వేసే ముందు ప్రీసెట్లన్నిటినీ గరిష్ఠ రుణ బయాసు వైపు తిప్పి, సంగీతం ఇవ్వకుండా, స్పీకర్లు కలిపే ఉంచి, స్విచ్ వేశాక ముల్లును ముందు 35 మిల్లీయాంపియర్ల దగ్గర నిలపండి. ఈఎల్34 యానోడు భరించగలిగేది 25 వాట్లు. అందులో 70 శాతం, అంటే 17.5 వాట్లు, మన హద్దు. 430 వోల్టుల వద్ద యానోడు కరెంటు సుమారు 40 అవుతుంది. కేథోడు కరెంటులో స్క్రీన్ గ్రిడ్ (యానోడుకు ముందుండి తానూ కొంత కరెంటు తీసుకునే జాలీ) వాటా కూడా కలిసి ఉంటుంది కనుక దానికి 5 చేర్చి, ముల్లును 45 మీద నిలపండి. ఇరవై నిమిషాలు వేడెక్కాక మళ్లీ చూడండి. జతలోని రెండు వాల్వుల మధ్య తేడా 2 మిల్లీయాంపియర్లకు మించితే సరిచేయండి, లేకుంటే మిగిలిన డీసీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కోరును అయస్కాంతీకరిస్తుంది. పాట గట్టిగా మోగేటప్పుడు ముల్లు పైకి లేవడం క్లాస్ ఏబీలో (శబ్దం పెరిగితే వాల్వులు ఎక్కువ కరెంటు తీసుకునే మన యాంప్లిఫయరు పద్ధతిలో) సహజమే, ఆ అంకెను చూసి ప్రీసెట్ ముట్టుకోకండి.

అభ్యాసం: వేసవి సాయంత్రం ఇంటి కరెంటు 230 నుంచి 210 వోల్టులకు దిగింది, యానోడు వోల్టేజీ అదే నిష్పత్తిలో తగ్గింది. 17.5 వాట్ల హద్దు ప్రకారం మీటరు ఎంత చూపవచ్చో లెక్కగట్టండి. ఆ పూటకు బయాసు మార్చాలా, వద్దా అన్నది కూడా ఆలోచించి రాసుకోండి.