వానలు ముదరకముందే మంచినీళ్ల బిందె సంగతి చూసుకోండి

నాలుగు వానలు పడ్డాయంటే మా వీధిలో విరేచనాలు, టైఫాయిడ్, పచ్చకామెర్లు వరసగా దిగుతాయి. ఎవరికి వచ్చినా నేరం మాత్రం నిన్న తిన్న పానీపూరీ మీదకే పోతుంది. టైఫాయిడ్ క్రిమి ఒంట్లో చేరాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. హెపటైటిస్-ఎ కామెర్లకైతే దాదాపు నెల. కలరా మాత్రం గంటల్లోనే, మహా అయితే ఐదు రోజుల్లో తేలిపోతుంది. కాబట్టి బండివాణ్ని తిట్టేముందు ఇంట్లో నీళ్లు చూసుకోవాలి.

కుళాయి రోజంతా రాదు కదా. నీళ్లు ఆగిపోయినప్పుడు పైపులో ఒత్తిడి పడిపోతుంది. ఎక్కడో చిన్న పగులుండి, పక్కనే డ్రైనేజీ ఉంటే మురుగు లోపలికి చేరుతుంది. కుళాయికి నేరుగా మోటారు బిగించారంటే ఆ మురుగును మీరే పిలిచి లాక్కున్నట్టు. మోటారు సంపు నుంచి ట్యాంకుకే ఉండాలి. మొదట వచ్చే నీళ్లు తాగడానికి పట్టకండి, బాత్రూం కడుక్కోండి. రంగు మారినా, వాసన వచ్చినా మునిసిపాలిటీకి చెప్పండి.

గిన్నె అడుగున బుడగలు కనపడగానే స్టవ్ కట్టేస్తారు చాలామంది. అది మరగడం కాదు. తెర్లుతూ కనీసం ఒక నిమిషం ఉండాలి. క్లోరిన్ బిళ్ల వాడితే ప్యాకెట్ మీద రాసిన కొలత ప్రకారం వేసి, అరగంట ఆగి తాగాలి. నీళ్లు బురదగా ఉంటే ముందు గుడ్డతో వడగట్టండి.

పోయినేడు మేం మరిగించిన నీళ్లే తాగాం. అయినా మా చిన్నవాడికి విరేచనాలు పట్టుకున్నాయి. తర్వాత చూస్తే, ఆడుకుని వచ్చి గ్లాసు తిన్నగా బిందెలో ముంచుతున్నాడు, నాలుగు వేళ్లూ నీళ్లలోనే! అందుకే వచ్చిందని ఒట్టేసి చెప్పలేను గానీ, మరిగించిన నీళ్లలో కొత్తగా పడిన క్రిమిని చంపేదేమీ మిగలదు. ఆ రోజే కుళాయి ఉన్న స్టీలు డ్రమ్ము కొన్నాం. అది లేకపోతే పొడుగు కాడ గరిటె చాలు. క్యాన్ నీళ్లు తెప్పించుకునేవాళ్లు స్టాండు కుళాయిని ఎప్పుడు కడిగారో ఒకసారి గుర్తు చేసుకోండి.

దొడ్డికెళ్లొచ్చాక, వంటకు ముందు సబ్బుతోనే చేతులు కడగాలి. మట్టి చేతులకు శానిటైజర్ పనిచేయదు. విరేచనాలవుతున్నవాళ్లను వంటింట్లోకి రానీయకండి.

ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇప్పుడే తెచ్చిపెట్టుకోండి. లీటరు ప్యాకెట్‌ను సగం చించి గ్లాసులో కలపకూడదు. మొత్తం లీటరు నీళ్లలో కలిపి, 24 గంటలు దాటితే పారబోయాలి. దొరక్కపోతే లీటరు నీళ్లకు టీ చెంచాతో, అంచుకు సమంగా కొలిచి, ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. షాపుల్లో అమ్మే తియ్యటి డబ్బా డ్రింకులు దీనికి బదులు కావు. పిల్లలకు జింక్ ఎంత వెయ్యాలో డాక్టరు చెబుతారు, విరేచనాలు తగ్గినా 14 రోజులూ వెయ్యాలి.

కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలుగా మూత్రం రాకపోయినా, రక్తం పడినా, పిల్లవాడు మత్తుగా ఉన్నా రాత్రి కదా అని తెల్లారేదాకా ఆగకండి. దారిలో కూడా ఓఆర్ఎస్ చెంచా చెంచాగా పట్టిస్తూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి.