తెరచాప పడవ నేర్చుకుందాం – 9వ పాఠం: నేల తాకిన పడవ, నెత్తిన పడే ఖర్చు

పోటు కోసం ఆగి, లంగరును లోతు నీళ్లలో వేసి, నేల తాకి ఇరుక్కున్న పడవను ఎలా విడిపించుకోవాలో పోయిన పాఠంలో చూశాం. పడవ తేలింది. కానీ ఖర్చు ఎంతవుతుందనేది చాలావరకు ఈ మొదటి రోజున మీరు ఏం చూశారు, ఏం రాసుకున్నారు, దేనికి ఒప్పుకున్నారు అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ముందు అడుగు పలకలు ఎత్తి బిల్జ్, అంటే నీళ్లు చేరే పడవ అట్టడుగు భాగం, పూర్తిగా తుడవండి. అరగంట ఆగి మళ్లీ చూడండి. నీళ్లు చేరితే ఒక చుక్క నాలుక మీద వేసుకోండి. ఉప్పగా ఉంటే సముద్రం లోపలికి వస్తోంది. చప్పగా ఉంటే బహుశా తాగునీటి ట్యాంకు పగిలింది.

ఇక కీల్, అంటే పడవ అడుగున కిందికి దిగి ఉండే బరువైన రెక్క. మెత్తటి ఇసుకలో నెమ్మదిగా దిగితే రంగు పోవడంతో సరిపోవచ్చు. రాయిని గుద్దితే కథ వేరు. కీల్ అడుగు ఠక్కున ఆగుతుంది, పడవ మాత్రం ముందుకు పోతుంది. అప్పుడు పలుగుతో రాయిని ఎత్తినట్టు కీల్ వెనక కొస పడవ అడుగును పైకి పొడుస్తుంది. ముందు కొస దగ్గర అతుకు కిందికి తెరుచుకుంటుంది. అందుకే గీత పడ్డ చోటే చూసి ఊరుకుంటే చాలదు, కీల్ వెనక కొసకు సరిగ్గా పైన, పడవ లోపల వెతకాలి. అక్కడ వెంట్రుకల్లాంటి పగుళ్లు, బోల్టుల చుట్టూ తుప్పు మరక, సరిగ్గా అమరని పలకలు, బిగుసుకుపోయిన తలుపు కనిపిస్తే పడవను ఒడ్డుకెక్కించాల్సిందే. సీసం కీల్ తానే సొట్టపడి కొంత దెబ్బ మింగుతుంది. పోత ఇనుము మింగదు, దెబ్బంతా పైకి పంపుతుంది. కాబట్టి ఇనుప కీల్ మీద చిన్న గీతే ఉందని సంబరపడకండి.

చాలా ఫైబర్‌గ్లాస్ పడవల్లో బలాన్నిచ్చే లోపలి చట్రాన్ని జిగురుతో అతికిస్తారు. ఆ అతుకు ఊడినా బయటికి తెలియదు. 2014 మేలో చీకీ రఫీకీ అనే బ్రిటిష్ పడవ అట్లాంటిక్‌లో కీల్ ఊడి తిరగబడింది, నలుగురూ పోయారు. అంతకుముందు నేల తాకిన దెబ్బలు, ఆ తర్వాతి మరమ్మతులు కలిసి కీల్ పట్టును బలహీనపరిచి ఉండొచ్చని బ్రిటన్ సముద్ర ప్రమాదాల విచారణ విభాగం తేల్చింది. పడవను పరీక్షించే నిపుణుడికి, అంటే సర్వేయర్‌కు, ఇచ్చే ఫీజు దండగ అనిపించినప్పుడు ఇది గుర్తు చేసుకోండి.

లాగడానికి ఎవరైనా వస్తే తాడు అందుకునే ముందే అడగండి: ఇది టోయింగా (మామూలుగా లాగడం), సాల్వేజా (ప్రమాదంలో ఉన్న పడవను కాపాడటం)? టోయింగ్‌కు గంటకో, పనికో ఒక రేటు ఉంటుంది. సాల్వేజ్‌లో కాపాడిన పడవ విలువ, అప్పటి ప్రమాదం, వాళ్ల శ్రమ చూసి సొమ్ము తర్వాత నిర్ణయిస్తారు. 1989 అంతర్జాతీయ సాల్వేజ్ ఒప్పందం ప్రకారం ఆ సొమ్ము కాపాడిన ఆస్తి విలువను మించకూడదు, ప్రాణాలు దక్కినవాళ్లు అందుకు ఏమీ ఇవ్వక్కర్లేదు. మన తాడే ఇస్తే సాల్వేజ్ కాదని రేవుల్లో చెప్పుకుంటారు, దాన్ని నమ్ముకోవద్దు. రేటు గట్టిగా మాట్లాడుకోండి, పక్కవాళ్లు వినేలా. అయితే పడవ మునిగేలా ఉంటే బేరాలు వద్దు.

ఇన్సూరెన్స్ వాళ్లకు ఆ రోజే చెప్పండి. సర్వేయర్ చూడకుండా రిపేరు మొదలుపెట్టకండి. అలాగని చేతులు కట్టుకుని కూర్చోకూడదు, నష్టం పెరగకుండా చూసే బాధ్యత మీదే. పంపు, తాత్కాలిక అతుకుల రశీదులన్నీ దాచండి. చాలామంది గమనించని సంగతి ఒకటుంది: ఇన్‌స్టిట్యూట్ యాట్ క్లాజెస్ (విహార పడవల ఇన్సూరెన్స్‌కు వాడే ప్రామాణిక షరతులు) రకం పాలసీల్లో, నేల తాకాక అడుగు చూడటానికి పడవను ఎత్తించిన ఖర్చు, దెబ్బేమీ కనబడకపోయినా ఇస్తారు. పాత సామాను బదులు కొత్తది వేస్తే మాత్రం కొంత కోత పడొచ్చు.

అభ్యాసం: మీ పాలసీ తీసి మూడు విషయాలు కాగితం మీద రాయండి. మీరు భరించాల్సిన మొదటి మొత్తం ఎంత, సాల్వేజ్ కవర్ అవుతుందా, అడుగు పరీక్ష ఖర్చు ఇస్తారా. తర్వాత బిల్జ్‌నూ, కీల్ బోల్టులనూ ఇప్పుడే ఫొటోలు తీసి తేదీ వేసి దాచండి. ఏ పగులు పాతదో, ఏది కొత్తదో సర్వేయర్ అడిగినప్పుడు వాటిని చూపించొచ్చు.