ఊళ్ళో అమ్మ, మియాపూర్‌లో నేను, మధ్యలో బీపీ మిషను

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు అమ్మకు బ్లూటూత్ ఉన్న బీపీ మిషను కొనిచ్చి వచ్చాను. తెనాలి పక్కన పల్లెటూరు మాది. వారం తిరక్కుండానే, ఓ పొద్దున ఆఫీసు క్యాబ్‌లో ఉండగా నా ఫోన్‌లో 178/104 అని పడింది. కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఫోన్ చేస్తే అమ్మ తాపీగా, "నాది కాదే, పక్కింటి పిన్ని వచ్చి చూపించుకుంది" అంది.

అందుకే మిషను కొనగానే ముందు అది ఎవరిదో దానికి చెప్పండి. చాలా మిషన్లలో ఇద్దరికి విడివిడిగా మీటలుంటాయి. నాన్న లేరు కాబట్టి మా ఇంట్లో రెండోది ఇరుగుపొరుగుది. ఒకటో మీట పక్కన అమ్మ స్టిక్కర్ బొట్టే ఒకటి అంటించాను. బ్లూటూత్ ఆపేసి చూస్తే చాలదా అనుకోకండి. మిషను ఆ అంకెను దాచిపెట్టుకుని, మళ్ళీ ఫోన్ కలవగానే పంపేస్తుంది.

అంకె నా దాకా ఎలా వస్తుందంటే: మిషను బ్లూటూత్‌తో అమ్మ ఫోన్‌కి చెబుతుంది, ఆ ఫోన్ నెట్ మీద యాప్ ఖాతాలోకి ఎక్కిస్తుంది, అదే ఖాతా నేను నా ఫోన్‌లో తెరుస్తాను. రాలేదంటే ముందు అమ్మ ఫోన్‌లో బ్యాటరీ సేవర్ చూడండి, అది యాప్‌ను నిద్రపుచ్చేస్తుంది. పాత ఆండ్రాయిడ్ ఫోన్లలో లొకేషన్ ఆన్ చేయకపోతే బ్లూటూత్ మిషను కనబడదు. రెండూ సరిగ్గానే ఉంటే నెట్ రీఛార్జ్ అయిపోయిందేమో అడగండి. మా ఇంట్లో సగం సార్లు అదే.

ఇదంతా ఒక పూటలో అయిపోతుంది. నాకు రెండు రోజులు పట్టింది అమ్మను సరిగ్గా కూర్చోబెట్టడానికి. మంచం మీద బాసింపట్టు వేసుకుని, జాకెట్టు చేతి మీదనే పట్టీ చుట్టుకుని, మిషను బుస్సుమంటుంటే నాతో కబుర్లు చెబుతుంది. ఇలా చూస్తే అంకె ఎక్కువే వస్తుంది. చివరికి కుట్టుమిషన్ బల్ల పనికొచ్చింది. దాని ముందు వీపు ఆనే కుర్చీ, పాదాలు రెండూ నేల మీద, బల్ల మీద మడత పెట్టిన తువ్వాలు, దాని మీద చెయ్యి. పట్టీ గుండె ఎత్తులో ఉండాలి, తువ్వాలు అందుకే. పట్టీ కింద గుడ్డ ఉండకూడదు. అమ్మ జాకెట్టు చేతులు బిగుతు, పైకి లాగితే చెయ్యి నొక్కేస్తాయి. అందుకని పొద్దున్నే నైటీలో ఉండగానే చూస్తుంది. కాఫీకి ముందు, బాత్‌రూమ్‌కి వెళ్ళొచ్చాక, అయిదు నిమిషాలు ఊరికే కూర్చుని, నిమిషం తేడాతో రెండుసార్లు. లావు చెయ్యికి చిన్న పట్టీ చుడితే లేని బీపీ కూడా ఉన్నట్టు చూపిస్తుంది. కొనేటప్పుడే టేపుతో చెయ్యి చుట్టుకొలత కొలవండి.

షుగర్ మిషను గురించి ఒక్క మాటే: చేతులు సబ్బుతో కడిగి, తుడుచుకుని గుచ్చుకోవాలి. మామిడిపండు కోసిన వేలితో చూస్తే పండులోని చక్కెర కూడా లెక్కలోకి వస్తుంది.

మొదట్లో ప్రతి అంకెకూ నా ఫోన్ మోగేది. నాకూ టెన్షన్, నా ఫోన్ల వల్ల అమ్మకూ టెన్షన్. నోటిఫికేషన్లు ఆపేశాను. ఇప్పుడు ఆదివారం కూర్చుని వారం సగటు చూస్తాను. ఇంట్లో చూసిన బీపీ సగటు 135/85 దాటి ఉంటే డాక్టరుతో మాట్లాడాలి. ఒక్క రోజు పెరిగిందని మనమే మాత్ర పెంచకూడదు.

డాక్టరుతో మాట్లాడటానికి మేం ఈ-సంజీవని వాడతాం. కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం. మొబైల్ నంబరు, ఓటీపీతో లోపలికెళ్తే వీడియోలో డాక్టరు దొరుకుతారు, చీటీ కూడా ఫోన్‌కే వస్తుంది. ఫోన్ చేతకాని వాళ్ళు ఊళ్ళోని ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌కి, అంటే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి వెళ్తే, అక్కడి సిబ్బందే కలిపిస్తారు. కాల్‌కి ముందు వారం అంకెలు ఒక కాగితం మీద, వాడే మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక పళ్ళెంలో పెట్టుకోండి. "పొద్దున తెల్లది, రాత్రి గులాబీది" అంటే ఏ డాక్టరుకీ అర్థం కాదు. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే మొహం నల్లగా పడుతుంది, ఎదురుగా కూర్చోబెట్టండి. కాళ్ళ వాపు, ఆయాసం లాంటివి ముందే చెప్పించండి. మా అమ్మ అవి చివర్లో, కాల్ పెట్టేసే ముందు చెబుతుంది. ఒకసారి స్వయంగా వచ్చి చూపించుకోమని డాక్టరు అంటే వెళ్ళాల్సిందే.

గుండెలో నొప్పి, మూతి వంకర పోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పడిపోవడం: వీటికి యాప్ తెరవద్దు, మిషను తీయొద్దు, 108కి కొట్టండి. 180/120 దాటి ఇలాంటివేవైనా ఉన్నా అంతే. ఆ నంబరు, కింద నాదీ, తర్వాత పిన్ని వాళ్ళబ్బాయిదీ పెద్ద అంకెలతో రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. నేను బయల్దేరినా తెనాలి చేరేసరికి అయిదారు గంటలు. పిన్ని వాళ్ళబ్బాయి గోడ దూకితే మా ఇంట్లో ఉంటాడు.