అడుగున పడుకునే చేపకు లోతెందుకు?

దక్షిణ కొరియాలోని జెజు దీవిలో చేపల మేత మీద పరిశోధనకు చేరిన కొత్తలో ఇంటికి తొట్ల ఫొటో పంపాను. "మోకాలు దాటని నీళ్లలో చేపలెలా పెరుగుతాయమ్మా?" అన్నారు నాన్న. భీమవరం దగ్గర బొచ్చె, శీలావతి పెంచే మనిషి మరి.

మేం పెంచేది ఇక్కడ గ్వాంగో అని పిలిచే ఆలివ్ ఫ్లౌండర్. ఈ బల్లపరుపు చేప ఎక్కువ సమయం అడుగునే పడుకుంటుంది. అందుకే ఎన్ని చేపపిల్లలు వేయాలో తేల్చేటప్పుడు లోతు మరచిపోయి, తొట్టి అడుగు ఎన్ని చదరపు మీటర్లో కొలవండి. చేపలు కాస్త ఒకదానిపై ఒకటి పడుకోవడం మామూలే. సిమెంటు నేల ఎక్కడా కనిపించకపోతే మాత్రం నేనైతే సగం వేరే తొట్టికి మార్చేస్తాను.

పుట్టినప్పుడు ఇదీ అన్ని చేపల్లాగే నిలువుగా ఈదుతుంది, రెండు పక్కలా చెరో కన్ను. కొన్ని వారాలకు కుడి కన్ను నెత్తి మీదుగా ఎడమ పక్కకు చేరుతుంది, చేప అడుగుకు దిగుతుంది. గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే హేచరీలో ముందు రోటిఫర్లు అనే కంటికి ఆనని జీవులు, తర్వాత ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి రొయ్యల్లాంటి జీవులు, ఆపైన గుళికల మేత. పిల్లలు కొనేటప్పుడు కళ్లున్న వైపు తెల్లటి మచ్చలున్నవి వద్దనండి. రుచికి లోటుండదు గాని ధర పలకదు.

గ్రేడింగ్, అంటే పిల్లల్ని సైజుల వారీగా వేరు చేయడం, వాయిదా వేయకండి. నేను ఒక్క వారం బద్ధకించాను. పెద్ద పిల్లలు చిన్నవాటి తోకలు కొరికేశాయి, కొన్నింటిని మింగేశాయి కూడా. మిగిలినవి లెక్కపెడుతుంటే ఏడుపొచ్చింది.

చిల్లుల సంచుల్లో మేత కట్టి వదిలే మన పద్ధతి దీనికి కుదరదు. గుప్పెడు చల్లి ఆగండి. ఆకలిగా ఉంటే నేల లేచి వచ్చినట్టు అన్నీ పైకి దూసుకొస్తాయి. గుళికలు అడుగుకు జారుతున్నా కదలట్లేదంటే ఇక చాలు. బస్తా మీద రాసిన లెక్క కంటే ఆ కదలికనే నమ్ముతాను.

ఎండాకాలం సముద్రపు నీరు వేడెక్కితే చేప నీరసిస్తుంది, రోగాలు ముసురుతాయి. జెజు రైతులకు అదృష్టం ఏమిటంటే, భూమిలోంచి తోడే ఉప్పునీరు ఏడాది పొడవునా 17, 18 డిగ్రీల దగ్గర ఉంటుంది. దాన్ని కలిపి చల్లబరుస్తారు. ఆ రోజుల్లో మేత తగ్గించి, ఆక్సిజన్ పెంచండి.

ఏడాది దాటాక కిలో బరువుకు వస్తాయి, ఆడవి ముందుగా. ఇక్కడ పచ్చిగానే కోసుకు తింటారు కాబట్టి సరుకు ప్రాణంతో చేరాలి. లారీ ఎక్కించే ముందు మేత ఆపి పొట్ట ఖాళీ చేయించండి, లేకపోతే దారిలోనే నీళ్లు పాడవుతాయి.