పాత మెయిల్‌కి వచ్చింది ఫోన్‌లో వెంటనే మోగాలంటే

తిరుపతిలో మాకు రెండు కార్లున్నాయి. ఎయిర్‌పోర్ట్ పికప్‌లు, కాణిపాకం, శ్రీకాళహస్తి ట్రిప్పులు తిప్పుతుంటాం. విజిటింగ్ కార్డు మీద, కారు వెనకద్దం మీద ఉన్నది ఎప్పటిదో పాత మెయిల్ అడ్రస్, నేను రోజూ చూసేదేమో వేరే జీమెయిల్. ఒకరోజు పొద్దున ఒక కుటుంబం, ముందు విమానానికే వచ్చేస్తున్నామని ఏడింటికి మెయిల్ పెడితే నాకది ఎనిమిదికి కనబడింది. అప్పటికే వాళ్లు రేణిగుంటలో పెట్టెలు పెట్టుకుని బయట నిలబడున్నారు. "ఏం బావా, మెయిల్ చూసుకోవా?" అని మా బామ్మర్ది దగ్గర కూడా మాట పడ్డాను.

తప్పు నాదే. పాత అకౌంట్‌ని ఫోన్‌లోని మెయిల్ యాప్‌లో గంటకోసారి చూసేలా పెట్టుకుని మర్చిపోయాను. పోస్ట్‌మ్యాన్ వచ్చి తలుపు కొట్టడం వేరు, మనమే గంటకోసారి పోస్టాఫీసుకి వెళ్లి ఉత్తరముందా అని అడిగి రావడం వేరు. మొదటిది పుష్, రెండోది ఫెచ్. ఐఫోన్‌తో వచ్చే మెయిల్ యాప్‌లో జీమెయిల్ పెట్టుకుంటే ఫెచ్చే గతి, టైము ఎంత తగ్గించినా 15 నిమిషాలు. జీమెయిల్ సొంత యాప్‌లో అయితే పుష్ ఉంది. అందుకే పాత అకౌంట్‌కి వచ్చేవన్నీ జీమెయిల్‌కి ఫార్వర్డ్ చేసి, ఆ యాప్‌లోనే చూసుకోవడం మేలు.

పాతది కూడా జీమెయిల్ అయితే కంప్యూటర్ ముందు కూర్చోండి, ఫోన్ యాప్‌లో ఈ ఆప్షన్ లేదు. పాత అకౌంట్ తెరిచి, పైన పళ్ల చక్రం గుర్తు నొక్కి, సీ ఆల్ సెట్టింగ్స్‌లో 'ఫార్వర్డింగ్ అండ్ పాప్/ఐమ్యాప్'కి వెళ్లి కొత్త అడ్రస్ కలపండి. కొత్త అకౌంట్‌కి ఒక లింకు వస్తుంది, దాన్ని నొక్కి ఒప్పుకోవాలి. చాలామంది ఇక్కడితో అయిపోయిందనుకుంటారు, కాలేదు. మళ్లీ పాత అకౌంట్‌కొచ్చి పేజీ రీఫ్రెష్ చేసి, 'ఫార్వర్డ్ ఎ కాపీ' అన్నది ఎంచుకుని, అట్టడుగున ఉన్న సేవ్ చేంజెస్ నొక్కితేనే పని అవుతుంది. పక్కనే పాత ఇన్‌బాక్స్‌లో కాపీ ఉంచాలా, తీసేయాలా అని అడుగుతుంది. ఉంచండి.

అవుట్‌లుక్‌లో ఇంకా తేలిక, సెట్టింగ్స్, మెయిల్, ఫార్వర్డింగ్, అంతే. యాహూ వాళ్లు మాత్రం 2021 నుంచి ఉచిత అకౌంట్లకి ఈ సౌకర్యం తీసేశారు, డబ్బులు కట్టాలి. నన్నడిగితే కట్టే బదులు ఫోన్‌లో యాహూ యాప్ వేసుకుని నోటిఫికేషన్లు ఆన్‌లో పెట్టుకోవడమే నయం.

స్పామ్‌లో పడినవి ఫార్వర్డ్ కావు, వారానికోసారి పాత అకౌంట్ తెరిచి చూడండి. ఆ ఫార్వర్డింగ్ పేజీలో మీరు పెట్టని అడ్రస్ ఏదైనా కనబడితే మాత్రం టెన్షన్ పడాల్సిందే, మీ మెయిల్స్ ఇంకెవరో చదువుతున్నారన్నమాట. వెంటనే దాన్ని తీసేసి పాస్‌వర్డ్ మార్చండి.

ఇక ఫోన్ సంగతి. జీమెయిల్ యాప్ సెట్టింగ్స్‌లో మీ అకౌంట్ నొక్కి, నోటిఫికేషన్స్ 'ఆల్' అని ఉందో లేదో చూడండి. 'హై ప్రయారిటీ ఓన్లీ' అని ఉంటే అది ముఖ్యమనుకున్నవే మోగుతాయి, మన కస్టమర్ ముఖ్యమో కాదో దానికేం తెలుసు. ఆండ్రాయిడ్‌లో బ్యాటరీ సెట్టింగ్స్‌కి వెళ్లి జీమెయిల్‌ని 'అన్‌రిస్ట్రిక్టెడ్' చేయండి, లేకపోతే ఫోన్ జేబులో నిద్రపోయినప్పుడు మెయిల్ కూడా నిద్రపోవచ్చు.

అన్నీ అయ్యాక కొత్త జీమెయిల్ నుంచి పాతదానికి టెస్ట్ మెయిల్ పంపుకోకండి. మీరు పంపిందే మీకు తిరిగొచ్చిందని జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్‌లో విడిగా చూపించదు, ఫార్వర్డింగ్ పని చేయలేదనుకుని నేను అరగంట కొట్టుకున్నాను. మూడో మనిషి చేత పంపించండి. మా బామ్మర్ది పక్కనే కూర్చుని "బావా, వచ్చిందా" అని ఒక్క ముక్క టైప్ చేసి పంపాడు, వాడు ఫోన్ కింద పెట్టేలోపే నాది మోగింది.