కొని దాచుకోదగిన సినిమా: బ్లూరే డిస్కును ఎంచుకునే విధానం

నెల్లూరులో మా ఇంటి హాల్లో టీవీ ఉన్న గోడకూ ఎదురుగా వేసిన దివాన్‌కూ మధ్య దూరం 11 అడుగులు. బ్లూరే వంటి హైడెఫినిషన్ (డీవీడీ కంటే ఎక్కువ వివరమున్న బొమ్మ ఇచ్చే) డిస్కులు కొనాలనుకునేవారు ముందుగా సినిమాల జాబితా రాసుకుంటారు గానీ, నిజానికి ముందు రాసుకోవలసింది ఈ దూరమే. మామూలు చూపు ఉన్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కంటే చిన్న వివరాన్ని విడదీసి చూడలేదు. ఆ లెక్కన 43 అంగుళాల టీవీ మీద 1920 చుక్కల వెడల్పు, 1080 చుక్కల ఎత్తు ఉన్న బొమ్మ పూర్తిగా కంటికి అందాలంటే సుమారు అయిదున్నర అడుగుల దూరంలో కూర్చోవాలి. 55 అంగుళాలకు ఏడడుగులు, 65 అంగుళాలకు ఎనిమిదిన్నర అడుగులు సరిపోతాయి. అదే 43 అంగుళాల టీవీని పదిన్నర అడుగులు దాటి చూస్తే, ఎత్తున 576 చుక్కల వరుసలు, అంటే గీతలు ఉన్న డీవీడీకీ 1080 గీతల బ్లూరేకూ వివరంలో ఉన్న తేడా దాదాపు తెలియదు. నేను దివాన్ మీదే కూర్చొని రెండేళ్లపాటు డిస్కులు కొన్నాను, ఇంత డబ్బు పోసినా పెద్ద తేడా ఏముందని నిరుత్సాహపడ్డాను. ఒక రాత్రి ప్లాస్టిక్ కుర్చీ లాక్కొని ఆరడుగుల దగ్గర కూర్చున్నాక గానీ వాటి విలువ తెలిసిరాలేదు. ఇంట్లో కుర్చీ జరిపే వీలు లేకపోతే డిస్కుల డబ్బును పెద్ద టీవీ మీద పెట్టడమే మంచిది.

దూరం కుదిరిందనుకుందాం. నెలవారీ చందాకు ఓటీటీలో వచ్చే సినిమాను విడిగా ఎందుకు కొనాలన్నది తరువాతి ప్రశ్న. దానికి జవాబు గీతల సంఖ్యలో లేదు, డేటాలో ఉంది. రెండు పొరల డీవీడీలో 8.5 జీబీ పడితే, బ్లూరేలో ఒక పొరకు 25, రెండు పొరలకు 50 జీబీ పడుతుంది; బ్లూరేలో బొమ్మకు సెకనుకు 40 మెగాబిట్ల దాకా కేటాయించవచ్చు. 1080 గీతల ప్రసారానికి నెట్‌ఫ్లిక్స్ సూచించే ఇంటర్నెట్ వేగం 5 మెగాబిట్లే, వెడల్పున సుమారు నాలుగు వేల చుక్కలుండే 4కె ప్రసారానికి 15. ఈ తేడా అన్ని దృశ్యాల్లోనూ కనిపించదు. పగటి వెలుగులో ఇద్దరు ఎదురెదురుగా కూర్చొని మాట్లాడుకుంటుంటే వెతికినా దొరకదు. జోరువాన, హోమధూమం, ఎగిసిపడే కెరటం, చీకటి గదిలో గోడ మీద క్రమంగా పలచబడే దీపపు వెలుగు వంటి చోట్ల మాత్రం బయటపడుతుంది. తక్కువ డేటాలో ఆ దీపపు వెలుగు మెట్లు మెట్లుగా విరిగి, గోడ మీద ఎవరో ముగ్గు చుట్టలు గీసినట్లు కనిపిస్తుంది. పైగా హక్కుల గడువు తీరితే ఓటీటీలోని సినిమా చెప్పాపెట్టకుండా మాయమవుతుంది. బీరువాలో ఉన్న డిస్కు ఎక్కడికీ పోదు.

సినిమా ఎంపిక అసలు ఇక్కడ మొదలవుతుంది. మంచి సినిమా వేరు, కొనదగిన సినిమా వేరు. మన నెల్లూరు జిల్లావాడైన రమణారెడ్డి హాస్యం గీతలు పడిన ప్రింటులోనైనా నవ్విస్తుంది, ఎందుకంటే ఆ నవ్వు ఆయన మాట విరుపులోనూ బక్కపలచని ఒంటి కదలికలోనూ ఉంది. అటువంటి సినిమాను పదిసార్లు చూస్తాను గానీ, దాని కోసం ఖరీదైన డిస్కు కొనను. ఆయనే చిన్నమయ్యగా వేసిన 1957 నాటి మాయాబజార్ సంగతి వేరు. అందులో ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ సృష్టించిన వెన్నెల ఉంది. నీటి మీద తళుకుకూ ముఖం మీద నీడకూ మధ్య ఉన్న బూడిదరంగు అంతరాలన్నీ కనబడితేనే అది వెన్నెల, లేకపోతే వట్టి మసక. నేను పాటించే పరీక్ష ఏమిటంటే, కథ ఎత్తకుండా, సంభాషణ చెప్పకుండా, ఆ సినిమాలో మూడు దృశ్యాలు చూడడానికి ఎలా ఉన్నాయో వర్ణించడానికి ప్రయత్నిస్తాను. వెలుగు ఎటు నుంచి పడింది, వెనుక ఏముంది, ఏ రంగు మనసులో మిగిలింది అన్నవి చెప్పగలిగితే ఆ సినిమాకు డిస్కు దండగ కాదు. కథ తప్ప మరేదీ గుర్తుకు రాకపోతే ఓటీటీ చాలు. దీనికి తోడు గడచిన మూడేళ్లలో ఆ సినిమాను కనీసం రెండోసారి చూడాలనిపించిందా అని నిజాయితీగా ప్రశ్నించుకోవాలి. గొప్పదన్న పేరు విని కొన్న డిస్కులు మా ఇంట్లో అరడజను సీలు కూడా తీయకుండా ఉన్నాయి.

తరువాత ఆ సినిమాను దేనితో చిత్రీకరించారో తెలుసుకోవాలి. ముడిసరుకులో లేని వివరం డిస్కులోకి రాదు. 35 మి.మీ. నెగటివ్ మీద తీసిన సినిమా, ఎంత పాతదైనా సరే, నెగటివ్ క్షేమంగా ఉంటే 1080 గీతలను మించిన వివరాన్ని ఇవ్వగలదు. 65 మి.మీ. నెగటివ్ మీద తీసిన 1962 నాటి లారెన్స్ ఆఫ్ అరేబియాను 2012లో యాభయ్యేళ్ల సందర్భానికి 8కెలో స్కాన్ చేసి 4కెలో పునరుద్ధరించారు. ఎడారి అంచున చుక్కలా మొదలై దగ్గరికి వచ్చే ఒంటె రౌతును చూడాలంటే అటువంటి డిస్కే కావాలి. దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ 2002లో వచ్చిన 28 డేస్ లేటర్. దానిలో చాలా భాగాన్ని కావాలనే డీవీడీపాటి వివరమే పట్టే చిన్న మినీడీవీ వీడియో కెమెరాతో తీశారు. ఆ గరుకుదనమే దాని అందం కావచ్చు, కానీ ఎంత ఖరీదైన డిస్కు కొన్నా అందులో కొత్త వివరం పుట్టదు. డబ్బా మీద 4కె అన్న ముద్ర చూసి కూడా తొందరపడకూడదు. డిజిటల్ యుగంలో వచ్చిన ఎన్నో సినిమాలకు, ముఖ్యంగా గ్రాఫిక్స్ ఎక్కువగా ఉన్నవాటికి, అన్ని కాపీలకూ మూలమైన చివరి మాస్టర్‌ను 2కెలోనే తయారుచేశారు. వాటి 4కె డిస్కులో ఉండేది సాగదీసిన బొమ్మే. హెచ్‌డీఆర్ అనే వెలుగునీడల పరిధి పెంచే పద్ధతి వల్ల వెలుగులోనూ రంగులోనూ లాభం ఉండవచ్చు గానీ, టీవీకి ఆ వెలుగు చూపే శక్తి లేకపోతే అదీ దక్కదు.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది ప్రింటు. ఒకే సినిమాకు రెండు మూడు డిస్కులు వచ్చినప్పుడు వాటి మధ్య భూమికీ ఆకాశానికీ ఉన్నంత తేడా ఉండవచ్చు. ఫిల్ము మీద తీసిన బొమ్మలో సన్నని ఇసుక చల్లినట్లు కదలాడే గ్రెయిన్ ఉంటుంది. అది దోషం కాదు, బొమ్మ దానితోనే తయారైంది. కొన్ని డిస్కుల తయారీలో దాన్ని మురికిగా భావించి కంప్యూటర్‌తో తుడిచేస్తారు, దానితో పాటు చర్మం మీది రంధ్రాలు, జుట్టు పోగులు, బట్ట నేత కూడా తుడిచిపెట్టుకుపోతాయి. 1987 నాటి ప్రిడేటర్‌కు 2010లో వచ్చిన బ్లూరే ఈ కారణంగానే అపఖ్యాతి పాలైంది. ఇటువంటిదే ఒక డిస్కు వేసినప్పుడు, సాంకేతికం ఏమీ తెలియని మా మేనమామ అయిదు నిమిషాలు చూసి, "ఏందిరా అబ్బయ్యా, అందరి మొగాలకూ మైనం పూసినట్టుండాది" అన్నాడు. అంతకంటే సరైన సమీక్ష నేను ఇంతవరకు చదవలేదు. కొనేముందు దగ్గరి నుంచి తీసిన ముఖపు దృశ్యాన్ని ఒకదాన్ని ఎక్కడైనా సంపాదించి, కనుబొమల వెంట్రుకలు విడివిడిగా కనబడుతున్నాయో లేదో చూస్తే ఈ దోషం ఇట్టే పట్టుబడుతుంది.

శ్రద్ధగా చేస్తే ఎంత సాధ్యమో చెప్పడానికి సత్యజిత్ రాయ్ అపు అనే పాత్ర మీద తీసిన మూడు చిత్రాలు చాలు. వాటి నెగటివ్‌లు 1993లో లండన్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో కాలాయి. మిగిలిన ముక్కలను ఇటలీలోని బొలోన్యా ప్రయోగశాలలో మెత్తబరచి, పూడ్చలేని చోట్ల ఇతర ప్రతులు వాడి, 4కెలో పునరుద్ధరించి 2015లో విడుదల చేశారు. తెలుగు పాత సినిమాలకు ఇంతటి యోగం అరుదు. వాటిలో చాలావాటికి టీవీ ప్రసారం కోసం ఎప్పుడో చేసిన వీడియో ప్రతులే చేతులు మారుతున్నాయి. ఒకసారి ఒక విక్రేత దగ్గర నలుపుతెలుపు తెలుగు చిత్రానికి హెచ్‌డీ అని ముద్రించిన డిస్కు కొన్నాను. కథానాయిక చెయ్యి ఊపినప్పుడల్లా చేతి అంచు దువ్వెన పళ్లలా చీలింది, అది పాత వీడియో నుంచి సాగదీసిన బొమ్మకు గుర్తు. అనుమానం వచ్చి తెర మూలకు చూస్తే, కుడివైపు పైభాగంలో అరచేతి వెడల్పున ఒక మసక చతురస్రం సినిమా పొడుగునా కదలకుండా ఉంది. ఏదో చానల్ లోగోను చెరిపిన మచ్చ అది. అప్పటి నుంచి పాత తెలుగు సినిమా అంటే ముందుగా తెర నాలుగు మూలలూ చూడడం అలవాటు చేసుకున్నాను. ప్రెస్సులో ముద్రించిన అసలు డిస్కు అడుగున మధ్య రంధ్రం చుట్టూ ఉన్న వలయంలో సాధారణంగా ఐఎఫ్‌పీఐ అనే సన్నని అక్షరాలతో సంకేతం ఉంటుంది. ఇంట్లో కాపీ చేసినదాన్ని గుర్తుపట్టడానికి అదొక ఆనవాలు.

రంగులద్దిన ప్రతుల విషయంలో నా అభిప్రాయం కొందరికి రుచించకపోవచ్చు. మాయాబజార్‌ను 2010లో హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ టెక్నాలజీస్ వారు రంగుల్లోకి మార్చి, సినిమాస్కోప్ (వెడల్పు తెర) కొలతకు సవరించి, నిడివి తగ్గించి విడుదల చేసినప్పుడు హాల్లో పిల్లలతో కలిసి చూడడం పండుగలా ఉండింది. దాచుకోవడానికి మాత్రం నేను నలుపుతెలుపు ప్రతినే కోరుకుంటాను. బార్‌ట్లీ చట్రం పైనా కిందా కోతపడకుండా ఉన్నది అందులోనే.

చట్రం మాట వచ్చింది కనుక తెర కొలతను కూడా సరిచూసుకోవాలి. ప్రకాశం జిల్లా దొడ్డవరంలో పుట్టిన భానుమతి నటించిన 1951 నాటి మల్లీశ్వరి వంటి చిత్రాలు దాదాపు చతురస్రానికి దగ్గరగా, ఎత్తుకు 1.37 రెట్ల వెడల్పు నిష్పత్తిలో తీసినవి. వాటిని నేటి టీవీ మీద చూస్తే రెండు పక్కలా నల్లని పట్టీలు ఉండి తీరాలి. లేవంటే బొమ్మనైనా సాగదీశారు, తలలనైనా కోశారు. 1974లో వచ్చిన తొలి తెలుగు సినిమాస్కోప్ చిత్రం అల్లూరి సీతారామరాజు వంటివాటికి పట్టీలు పైనా కిందా రావాలి. 2.35 నిష్పత్తి ఉన్న బొమ్మతో టీవీ తెర నిండుగా ఉందంటే పక్కల నుంచి దాదాపు నాలుగో వంతు పోయినట్లే. తెర నిండలేదని డిస్కును తప్పుపట్టేవారు మా బంధువుల్లోనే ఉన్నారు, వారి కోసం రిమోట్‌లోని జూమ్ మీట దాచిపెట్టడం ఒక్కటే మార్గం.

ధ్వని గురించి ఒక సంగతి తప్పక చెప్పాలి. మన దేశపు టీవీ ప్రమాణమైన పాల్ పద్ధతిలో చేసిన డీవీడీల్లో సెకనుకు 24 ఫ్రేముల సినిమాను 25 ఫ్రేముల వేగంతో నడుపుతారు, అందువల్ల 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లో ముగుస్తుంది. శ్రుతిని విడిగా సరిచేయకపోతే గొంతు అరస్వరానికి కాస్త తక్కువగా పైకి లేస్తుంది. బాలసుబ్రహ్మణ్యం సొంత జిల్లాలో ఉంటూ ఆయన గొంతును తప్పుడు శ్రుతిలో వినడం నాకు కష్టంగా తోస్తుంది. బ్లూరేలో సినిమాను 24 ఫ్రేముల వేగంతోనే నిక్షిప్తం చేయవచ్చు కనుక, సంగీతం ప్రాణంగా ఉన్న చిత్రాలకు డిస్కు వెతకడానికి అదే ఒక కారణం. మోనోలో, అంటే ఒకే ధ్వని మార్గంలో రికార్డయిన పాత సినిమాకు కొత్తగా కట్టిన 5.1 (ఆరు స్పీకర్ల) ధ్వనితో పాటు అసలు మోనో ట్రాక్ కూడా ఇచ్చారేమో చూడాలి. కొత్త మిక్సులో గొంతు వెనక్కిపోయి తబలా ముందుకు రావడం పరిపాటి. పైనుంచి కూడా ధ్వని వినిపించే అట్మాస్ కోసం అదనపు డబ్బు మాత్రం ఇంట్లో తగిన స్పీకర్లు ఉంటేనే పెట్టాలి. 2019లో సూళ్లూరుపేటలో, అప్పటికి అది నెల్లూరు జిల్లాలోనే ఉండేది, పెద్ద తెరతో మొదలైన థియేటర్ వి ఎపిక్‌లో విన్న ధ్వనిని టీవీ అడుగునున్న రెండు చిన్న స్పీకర్ల నుంచి ఆశించడం అన్యాయం.

ప్లేయర్ విషయం క్లుప్తంగానే చెబుతాను. బ్లూరే డిస్కును ఒక ప్రాంతపు ప్లేయర్లలోనే నడిచేలా తాళం వేయవచ్చు, అందులో మన దేశం సి ప్రాంతం కిందికి వస్తుంది. అమెరికా డిస్కులు ఏ, ఐరోపావి బి. డబ్బా వెనుక మూడు అక్షరాలూ ఉన్నవీ, ప్రాంతపు తాళం లేనివీ నిశ్చింతగా కొనవచ్చు. 4కె డిస్కులకు ఈ తాళమే లేదు గానీ, వాటికి 4కె ప్లేయర్ కావాలి. పెద్ద కంపెనీలు కొన్ని ప్లేయర్ల తయారీ మానేశాయి కనుక, ఇంట్లో పిల్లలకు డిస్కు అర ఉన్న ప్లేస్టేషన్ 5 ఉంటే వేరే పెట్టె కొనకుండా అదే వాడుకోవచ్చు.

సముద్రం దగ్గరి ఊళ్లలో, కావలి నుంచి చీరాల దాకా, గాలిలోని తేమ, ఉప్పు ప్లేయర్‌కే ఎక్కువ చేటు చేస్తాయి. అయినా కార్తీకమాసపు ముసురులో డబ్బాల కాగితాలకు బూజు పట్టకుండా బయటి గోడకు ఆనని అలమారలో నిలువుగా పేర్చుకోవాలి. డీవీడీలో సమాచారపు పొర ఉపరితలానికి 0.6 మి.మీ. లోతున ఉంటే, బ్లూరేలో 0.1 మి.మీ. లోతునే ఉంటుంది, అందుకే దానికి గట్టి పూత వేస్తారు, అయినా దాన్ని అంచులతోనే పట్టుకోవాలి. కొత్త డిస్కు ఇంటికి చేరిన వారంలోపే, వాపసు గడువు తీరకముందే, పూర్తిగా వేసి చూడాలి. సమాచారం లోపలి వలయం నుంచి బయటి అంచుకు సాగుతుంది కనుక, వేళ్లు తగిలే అంచు దగ్గర ఒక పొర డిస్కులో సాధారణంగా పతాక సన్నివేశం ఉంటుంది, రెండో పొర అంచు నుంచి లోపలికి తిరిగి వస్తుంది కనుక రెండు పొరల డిస్కులో సినిమా నడిమి భాగం ఉంటుంది. మొత్తం చూడడానికి తీరిక లేనివారు కనీసం ఆ భాగంలో ఓ ఇరవై నిమిషాలైనా ఆగకుండా నడుస్తున్నాయో లేదో చూసి, తరువాతే బిల్లు చించాలి.